ఎల్ కసదోర్ ఓడ వెండి నాణెం కొనడం: నా అనుభవం

నాణేల పిచ్చి నాకు మద్రాసు అర వరహాతో పట్టుకుంది. 1808 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ కొట్టించిన వెండి నాణెం అది. ఒకవైపు గోపురం, రెండోవైపు విష్ణుమూర్తి, చుట్టూ తమిళంతో పాటు తెలుగు అక్షరాలు. ఆ రోజుల్లో మద్రాసు టంకశాలకు స్పానిష్ డాలర్ల రూపంలో కూడా వెండి వచ్చేదని చదివాక, అలాంటి డాలరు ఒకటి చేతిలో పట్టుకుని చూడాలనిపించింది. నేను ఉండేది హ్యూస్టన్‌లో. మా పక్కనే ఉన్న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో మునిగిన ఓడలోది అయితే ఇంకా బాగుంటుందనుకున్నాను. అలా ఎల్ కసదోర్ దగ్గర ఆగాను.

1784 జనవరిలో ఈ స్పెయిన్ ఓడ మెక్సికోలోని వెరాక్రుజ్ నుంచి న్యూ ఆర్లీన్స్‌కు బయల్దేరింది. అప్పట్లో న్యూ ఆర్లీన్స్ ఉన్న లూసియానా ప్రాంతం స్పెయిన్ చేతిలో ఉంది. అక్కడ కాగితం డబ్బు విలువ పడిపోయింది. ఆ కాగితాలు వెనక్కి తీసుకుని వెండి ఇవ్వడానికని సుమారు 4,50,000 పెసోలు పంపించారు. ఓడ చేరనే లేదు. 1993 ఆగస్టులో చేపల ట్రాలర్ ఒకటి వేసిన వల సముద్రం అడుగున దేనికో తగులుకుంది. పైకి లాగి చూస్తే అందులో వెండి నాణేలు! ఆ ఓడ చేరి ఉంటే స్పెయిన్ లూసియానాను వదులుకునేదే కాదని, అమెరికా చరిత్రే మారిపోయేదని అమ్మేవాళ్లు గట్టిగా చెప్తారు. లూసియానా 1800లో మళ్లీ ఫ్రాన్స్ పరం కావడానికీ, 1803లో అమెరికా కొనుక్కోవడానికీ వేరే కారణాలు చాలా ఉన్నాయి. ఒక్క ఓడ మీద అంత భారం వేయడం నాకు నచ్చదు.

1622లో ఫ్లోరిడా దగ్గర మునిగిన అటోచా అనే స్పెయిన్ ఓడ నాణేల గురించి కూడా ఆలోచించాను. అవి చేత్తో కొట్టినవి, ఒకదానిలా ఒకటి ఉండదు. చూడముచ్చటగా ఉంటాయి కానీ ధర నా అందుబాటులో లేదు.

అసలు టెన్షన్ నాణెం ఎంచుకోవడంలోనే. స్పానిష్ డాలరు, పెసో అన్నా ఎనిమిది రియాళ్ల నాణెమే. అది కొత్తగా ఉన్నప్పుడు 27 గ్రాములు, వెండి 90 శాతం పైచిలుకు. మామూలు నాణెమైతే కాటా మీద పెట్టగానే సగం సందేహం తీరిపోతుంది. ఓడ నాణెం విషయంలో అది కుదరదు. రెండు వందల ఏళ్లు ఉప్పునీళ్లలో ఉన్నది తూకం తగ్గే ఉంటుంది. తగ్గింది సముద్రం వల్లా, నకిలీ కావడం వల్లా అన్నది కాటా చెప్పలేదు.

ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర మొదట బేరం పెట్టాను. నాణెం ఆ ఓడలోదేనని చెప్పే సర్టిఫికెట్ అంటూ ఆయన పంపిన ఫొటోలో ఓడ పేరు, సంతకం తప్ప ఇంకేమీ లేవు. నాణెం బొమ్మ లేదు, తూకం రాయలేదు. అలాంటి కాగితాన్ని ఆ కాలపు ఏ నాణెం పక్కన పెట్టినా సరిపోతుంది. నాణెం అంచు ఫొటో పంపమని అడిగితే, ఇష్టమైతే కొనండి లేకపోతే లేదన్నాడు. వదిలేశాను.

తర్వాత కాయిన్ షోలో ఒక పెద్దాయన బల్ల దగ్గర కూర్చుని, లైటు కింద తిప్పి తిప్పి చూశాను. అంచు ఎలా చూడాలో ఆయనే నేర్పారు. అంచు చుట్టూ ఒక సున్నా, ఒక దీర్ఘచతురస్రం వరసగా ఉంటాయి. ఆ డిజైన్‌ను రెండు పట్టీల మధ్య నాణేన్ని దొర్లించి అద్దేవారు కాబట్టి, ఎదురెదురుగా రెండు చోట్ల ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపిస్తుంది. పోత పోసిన నకిలీల్లో చాలాసార్లు దానికి బదులు సన్నటి అతుకు గీత ఉంటుంది. నేను చూస్తున్నదానికి ఒక వైపు అంచు తినేసింది, రెండో వైపు ఆ ఎక్కుడు స్పష్టంగా ఉంది.

ఉపరితలం సంగతి కూడా ఆయన దగ్గరే అర్థమైంది. జనంలో తిరిగి అరిగిన నాణెంలో ముందు ఎత్తైన చోట్లు నునుపెక్కుతాయి, అంటే రాజు చెంప, జుట్టు. ఎల్ కసదోర్‌లో ఎక్కువగా దొరికినవి 1783లో మెక్సికోలో కొట్టి నేరుగా ఓడ ఎక్కించినవి. వాటిని జనం అరగదీయలేదు, సముద్రం తినేసింది. అందుకే పల్లాల్లో కూడా సన్నటి గుంటలు, గరుకు. నా నాణెంలో మూడో కార్లోస్ రాజు ముక్కు నిలిచింది, జుట్టులో పాయలు ఇంకా కనిపిస్తున్నాయి. బొరుసు వైపు రెండు స్తంభాల మధ్య రాజచిహ్నం ఉన్న డాలు, చుట్టూ ఉన్న అక్షరాల్లో మెక్సికో టంకశాల గుర్తు ఉన్నాయి. తూకం 24 గ్రాముల పైన వచ్చింది. సర్టిఫికెట్ మీద ఉన్న ఫొటోతో ఒక్కొక్క గుంటా పోల్చుకున్నాకే డబ్బిచ్చాను.

ఆ తర్వాత గ్రేడింగ్‌కు, అంటే నాణెం అసలుదా కాదా, ఎంత బాగా ఉందో తేల్చి చెప్పే సంస్థకు పంపాను. ఫారం నింపడం, ఇన్సూరెన్స్‌తో పార్సిల్ చేయడం పెద్ద కష్టమేమీ కాదు, ఎదురుచూడటమే కష్టం. అసలుదే అని తేల్చి, సముద్రం తిన్న గుర్తులున్నాయని లేబుల్ మీద రాసి ప్లాస్టిక్ పెట్టెలో సీల్ చేసి పంపారు. అంకెల గ్రేడ్ ఇవ్వలేదు. ఓడ నాణేల్లో అలా రావడం మామూలే, దానికి నిరుత్సాహపడక్కర్లేదు.

మా అత్తగారు వీడియో కాల్‌లో చూసి, "నల్లగా ఉందేంటండీ, కాస్త విభూతి పెట్టి తోమితే తెల్లగా వస్తుంది కదా" అన్నారు. ఇంట్లో వెండి కంచానికైతే అదే మంచి పద్ధతి. దీనికి మాత్రం ఆ నలుపు పోతే సముద్రం వేసిన గుర్తులూ దానితోనే పోతాయని చెప్పాను. కొనేవాళ్లకు నేను చెప్పేదీ అదే: మెరిసేలా తోమిన ఓడ నాణెం జోలికి వెళ్లకండి.

ఇప్పుడు అదే ఓడలోని అర రియాల్ కోసం వెతుకుతున్నాను. న్యూ ఆర్లీన్స్‌లో చిల్లరకని చిన్న నాణేలు కూడా పంపారు. పలచటివి కావడంతో సముద్రం వాటిని ఇంకా ఎక్కువ తినేసింది. సంవత్సరం చదవగలిగేది దొరకడం కష్టంగా ఉంది.