కండక్టర్‌తో తిరిగి రమ్మన్నారు

"ముందు పోయి ఒక కండక్టర్‌తో రోజంతా తిరిగి రా, తర్వాత ఫైల్‌సిస్టమ్ గురించి చెప్పు." బస్సు కండక్టర్లు వాడే మా టికెట్ మెషీన్‌కి ఏ ఫైల్‌సిస్టమ్ (మెమరీ చిప్‌లో ఫైళ్లని రాసి, మళ్లీ వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్) పెట్టాలన్న మీటింగులో, పాతది కుదరదని నేనంటే మా సారు ఈ మాట తెలుగులో అన్నారు. వాళ్లది ఎప్పుడో మద్రాసులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఆఫీసులో మాత్రం నాతో కూడా తమిళం, ఇంగ్లిష్ కలిపే మాట్లాడతారు. గదిలో మిగతా అందరూ తమిళులు. నలుగురిలో నా పరువు పోకూడదని తెలుగులోకి మారారా, లేక దెబ్బ సూటిగా తగలాలనా? అంబత్తూరులోని ఆఫీసు నుంచి రూమ్‌కి వెళ్లేదాకా అదే ఆలోచన, ఇప్పటికీ తేలలేదు.

మా నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఆ మాట అక్కడ చెప్పలేదు. పెద్దాయన మాట్లాడుతుంటే మధ్యలో నాన్న ఉద్యోగం తెచ్చి నోరు మూయించడం నాకు ఇష్టం లేదు. కానీ ఏసీ గదిలోంచి ఊడిపడ్డవాణ్ణి అన్నట్టు చూడటం మాత్రం చాలా బాధేసింది. రాత్రి డ్యూటీ దిగి వచ్చి మంచం మీద చిల్లర పోసి లెక్క చూసుకునే మనిషిని చూస్తూ పెరిగాను నేను. లెక్క తగ్గితే జేబులోంచి కట్టాలి. చెకింగ్ వాళ్లు ఎక్కినప్పుడు టికెట్లకీ డబ్బుకీ పొంతన కుదరకపోతే ఉద్యోగానికే టెన్షన్. టికెట్ మెషీన్ బ్యాటరీ ఊడిపోయి చివరి నాలుగు టికెట్లు మెమరీలోంచి మాయమైతే దొంగ అనిపించుకునేది కండక్టరే, ఫైల్‌సిస్టమ్ కాదు.

అసలు గొడవకి వస్తాను. మా పాత మెషీన్లో 16 ఎంబీ నార్ ఫ్లాష్ (కరెంటు పోయినా డేటా నిలిచే మెమరీ చిప్‌లో ఒక రకం), దాని మీద జేఎఫ్ఎఫ్ఎస్2 అనే ఫైల్‌సిస్టమ్. 2001 నాటి ఆ ఫైల్‌సిస్టమ్ అక్కడ ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేసింది, కాదనను. కొత్త బోర్డులో 256 ఎంబీ నాండ్ (ఇంకో రకం ఫ్లాష్) పెట్టారు, సారు దీనికీ అదే ఉంచుదామంటారు. కుదరదన్నాను, ఇప్పటికీ అదే అంటాను. ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పే పట్టికని జేఎఫ్ఎఫ్ఎస్2 ఫ్లాష్‌లో దాచుకోదు, మౌంట్ అయిన (అంటే మెషీన్ ఆన్ అయ్యాక వాడకానికి సిద్ధమయ్యే) ప్రతిసారీ చిప్పంతా వెతికి ర్యామ్‌లో కట్టుకుంటుంది. చిప్ పెరిగేకొద్దీ బూట్ సమయమూ, తినే ర్యామూ పెరుగుతాయి. బస్టాపులో ఇరవై మంది ఎక్కుతున్నప్పుడు మెషీన్ హ్యాంగైతే కండక్టర్ బ్యాటరీ తీసి మళ్లీ పెడతాడు, ఆ తర్వాత ప్రతి సెకనూ అతని మీద అరుపులే.

నేను పెట్టమంటున్న యూబీఐఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ ఆ పట్టికని ఫ్లాష్‌లోనే ఉంచుకుంటుంది. నోకియా ఇంజనీర్లు హంగరీలోని సెగెడ్ యూనివర్సిటీ సాయంతో చేసింది, 2008లో లినక్స్ 2.6.27 కెర్నల్‌తో వచ్చింది. ఫ్లాష్ బ్లాకులు చెరిపి రాసేకొద్దీ అరుగుతాయి, కింద ఉండే యూబీఐ పొర ఆ అరుగుదలని చిప్పంతటా పంచుతుంది. జేఎఫ్ఎఫ్ఎస్2 అయితే తన పార్టిషన్ (చిప్‌లో తనకి కేటాయించిన భాగం) లోపలే పంచుకుంటుంది, కాబట్టి టికెట్లు రాసే చిన్న పార్టిషన్ ముందుగా అరిగిపోతుంది, పక్కన మెషీన్ సాఫ్ట్‌వేర్ ఉండే, ఎవరూ ముట్టని రూట్ పార్టిషన్ కొత్తగానే ఉంటుంది.

ఒక చిక్కు ఉంది, అది నా మొదటి నోట్‌లోనే రాశాను. యూబీఐఎఫ్ఎస్ రాతల్ని కాసేపు ర్యామ్‌లో పట్టి ఉంచుతుంది. అప్లికేషన్ ఎఫ్‌సింక్ (ర్యామ్‌లో ఉన్నది వెంటనే ఫ్లాష్‌లో రాయమనే ఆదేశం) పిలవకపోతే కరెంటు పోయాక సున్నా బైట్ల ఫైల్ మిగలొచ్చు. టికెట్ కాగితం బయటికి రాకముందే ఎఫ్‌సింక్ అవ్వాలి. దానికి ఖరీదుంది: టికెట్ రికార్డు వంద బైట్లే అయినా మా నాండ్ పేజీ 2 కేబీ, అంతకంటే తక్కువ రాయలేం. అలాంటివి 64 పేజీలు కలిస్తే ఒక ఎరేజ్ బ్లాక్ (ఒకేసారి చెరిపే భాగం), అంటే 128 కేబీ. ఎస్ఎల్‌సీ నాండ్‌లో (ఒక్కో సెల్‌లో ఒకే బిట్ దాచే రకం) ఒక్కో బ్లాక్‌ని సుమారు లక్షసార్లు చెరపొచ్చు, అరుగుదల చిప్పంతా పంచుకుంటే టికెట్లకి అది ధారాళంగా సరిపోతుంది. ఈ లెక్క నాన్న జీతంతో చదువుకున్నవాడు వేసిన లెక్క, సారు ఒకసారి చూసి ఉంటే బాగుండేది.

మన వైపు మాటామాటా పెరిగినా "సరే, తిన్నావా" అనే దగ్గర ఆగుతుంది. ఇక్కడ మీటింగ్ అయ్యాక అందరూ ఎవరి సీటుకి వాళ్లు. అయినా మర్నాడు ల్యాబ్‌కి వెళ్తే నా టేబుల్ మీద రిలే బోర్డు ఉంది, రాస్తుండగా మధ్యమధ్యలో పవర్ కోసేలా వైర్లు బిగించి. సారే బిగించారని టెక్నీషియన్ చెప్పాడు. ఆ చేతి పని నాకు నచ్చింది, ఆ మాట వాళ్ల మొహం మీదే చెప్పాను. ఊరికే తలూపారు.

ఇప్పుడు కొనుగోలు విభాగం వాళ్లు వచ్చే బోర్డుకి నాండ్ బదులు ఈఎంఎంసీ అనే ఫ్లాష్ చిప్ చౌక అంటున్నారు. అదొస్తే ఈ వాదనలో సగం చెల్లదు. బ్లాకుల అరుగుదల చూసే కంట్రోలర్ చిప్ లోపలే ఉంటుంది, యూబీఐఎఫ్ఎస్‌కి అక్కడ పని లేదు, ఎక్స్‌టీ4 గానీ ఎఫ్2ఎఫ్ఎస్ గానీ, ఇంకో ఫైల్‌సిస్టమ్ పెట్టుకోవాలి. నేను ఎక్స్‌టీ4 వైపు ఉన్నాను, రూట్ మాత్రం రీడ్ ఓన్లీ (చదవడమే తప్ప రాయడం కుదరని) స్క్వాష్ఎఫ్ఎస్. కానీ పవర్ పోయిన క్షణంలో ఆ కంట్రోలర్ లోపల ఏం చేస్తుందో మనకి కనపడదు. అందుకే ఏ కంపెనీ శాంపిల్ వచ్చినా ముందు రిలేకి కట్టి, చిప్ ఎంత అరిగిందో చెప్పే, ఈఎంఎంసీ 5.0 నుంచి ఉన్న లైఫ్‌టైమ్ రిజిస్టర్ చదివి, ఆ తర్వాతే ధర మాట్లాడమని కొనుగోలు వాళ్లకి రాశాను. ఆ మెయిల్ కాపీ సారుకీ పెట్టాను.