ఎడిన్‌బరా చారిటీ షాపుల్లో మా ఇంటిల్లిపాదికీ చలి బట్టలు కొన్న అనుభవం

మా ఆయన స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరాలో పీహెచ్‌డీ చేస్తున్నారు. నేనూ బాబూ వచ్చి చేరింది జనవరిలో. హైదరాబాద్‌లో కొని తెచ్చుకున్న జాకెట్లు ఢిల్లీ చలికి సరిపోతాయేమో గానీ సముద్రం మీంచి వచ్చే ఈ ఊరి గాలికి ఆగలేదు. ఇక్కడ మంచు కన్నా గాలీ తేమా ఎక్కువ బాధపెడతాయి. సన్నటి వాన అడ్డంగా కొడుతుంది, గొడుగు నిలవదు. పెద్ద షాపుల్లో ఉన్ని కోటు కొందామని వెళ్తే నూట యాభై పౌండ్ల పైమాటే. ముగ్గురికీ లెక్కేసుకుంటే స్టైపెండులో ఇంటద్దె పోగా మిగిలేదంతా దానికే చాలదు.

మా ఆయన ల్యాబులో ఖమ్మం కుర్రాడొకడు ఉన్నాడు. "అక్కా, కొత్తవి ఇప్పుడే కొనకండి. ముందు చారిటీ షాపులు చూడండి" అన్నాడు.

బ్రిటన్‌లో ఏ ఊరి బజారుకి వెళ్ళినా ఇవి కనిపిస్తాయి. ఆక్స్‌ఫామ్, బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్, క్యాన్సర్ రీసెర్చ్, బర్నార్డోస్, షెల్టర్ లాంటి సేవాసంస్థలు నడిపే దుకాణాలు. జనం వాడి ఇచ్చేసిన బట్టలు, పుస్తకాలు, గిన్నెలు అమ్మి ఆ డబ్బు సేవకి వాడతారు. ఆక్స్‌ఫామ్ వాళ్ళ మొదటి దుకాణం 1940ల చివర్లో ఆక్స్‌ఫర్డ్ ఊళ్ళో బ్రాడ్ స్ట్రీట్‌లో మొదలైంది. సరుకు విరాళంగా వస్తుంది, అమ్మేవాళ్ళలో ఎక్కువమంది జీతం లేని వాలంటీర్లు, విరాళంగా వచ్చిన సరుకు అమ్మకం మీద వ్యాట్ పడదు. ధరలు తక్కువగా ఉండడానికి కారణం ఇదే. సరుకు నాసిరకమై కాదు.

అమ్మకి ఫోన్‌లో చెప్తే ఒప్పుకోలేదు. "ఎవరు వేసుకుని విడిచినవో, ఎవరు పోతే ఇచ్చేశారో, ఆ బట్టలు పసివాడికి తొడుగుతావా?" అంది. అమ్మ భయం అర్థం లేనిది కాదు. పెద్దవాళ్ళు పోయాక ఇల్లు ఖాళీ చేసి పిల్లలు తెచ్చి ఇచ్చే సంచులు చాలానే ఉంటాయి. నేను ఒకటే అడిగాను. వీడు పుట్టినప్పుడు పదకొండో రోజు దాకా కొత్త బట్ట తగలనివ్వకుండా నాన్న పాత పంచె చింపి చుట్టింది నువ్వే కదా, మెత్తగా ఉంటుందని? అమ్మ కాసేపు ఊరుకుంది. "సరే, బాగా ఉతికి ఎండలో వెయ్యి" అంది. జనవరిలో ఇక్కడ ఎండెక్కడిది, నాలుగు గంటలకే చీకటి. ఉతకడం మాత్రం తప్పకుండా చేశాను.

అమ్మ పుట్టిల్లు మంగళగిరి, మగ్గం ఉన్న ఇల్లు. చీర కొనేటప్పుడు అమ్మ ధర చివర్న అడుగుతుంది. ముందు బట్ట తిరగేస్తుంది, అంచు చూస్తుంది, రెండు వేళ్ళ మధ్య నలుపుతుంది, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటుంది. పక్కన నిలబడి అది చూస్తూ పెరిగాను. చారిటీ షాపులో నాకు పనికొచ్చింది ఆ అలవాటే. ఇక్కడ బట్టలన్నీ రంగుల వారీగానో సైజుల వారీగానో హ్యాంగర్లకి వేలాడుతుంటాయి. ఒక్కోటీ బయటికి తీసి చూస్తే పొద్దుపోతుంది. అందుకని వరుస వెంట చెయ్యి రాస్తూ నడుస్తాను. పాలియెస్టర్ జారుతుంది, అక్రిలిక్ పొడిగా తేలిగ్గా తగులుతుంది, ఉన్ని బరువుగా కొంచెం గరుగ్గా వేళ్ళకి పట్టుకుంటుంది, క్యాష్‌మియర్ (ఒక రకం మేకల మెత్తటి ఉన్ని) అయితే చెయ్యి వెనక్కి తీసుకోబుద్ధి కాదు. చెయ్యి ఆగిన చోట బట్ట బయటికి తీసి పక్క కుట్టులో ఉండే లేబుల్ చదువుతాను. వంద శాతం ఉన్ని అని ఉంటే సరే. ఎనభై ఉన్ని, ఇరవై నైలాన్ అయినా కోటుకి మంచిదే, గట్టిగా ఉంటుంది. ఉన్ని ముప్పై శాతం లోపు ఉంటే తిరిగి అక్కడే పెట్టేస్తాను.

బ్రాండు చూసి కొనేవాళ్ళకి ఈ షాపుల్లో పెద్దగా లాభం ఉండదని నా అభిప్రాయం. పేరున్న బ్రాండ్లని వాలంటీర్లు ముందే గుర్తుపట్టి ధర పెంచుతారు. ఎవరికీ తెలియని పేరుతో ఉన్న మంచి ఉన్ని మాత్రం మామూలు స్వెట్టర్ల ధరకే వరుసలో ఉండిపోతుంది. స్కాట్లాండ్ సరిహద్దు ప్రాంతంలో హాయిక్ అని చిన్న ఊరు ఉంది, తరాలుగా ఉన్ని, క్యాష్‌మియర్ స్వెట్టర్లు అల్లే ఊరు. లేబుల్ మీద ఆ ఊరి పేరు కనబడితే చాలు, కంపెనీ ఎవరని చూడను. అలాగే ఇక్కడి పెద్ద దుకాణ సంస్థ మార్క్స్ అండ్ స్పెన్సర్ వాళ్ళు తమ బట్టల మీద సెయింట్ మైకేల్ అనే పేరు 2000 దాకా వాడారు. ఆ పేరుతో ఏదైనా దొరికితే అది కనీసం పాతికేళ్ళ నాటిదన్నమాట. అన్నేళ్ళు వాడినా కుట్టు వదలకుండా ఉందంటే ఇంకొన్నేళ్ళు ఉంటుంది. ఒక్క సంగతి, పాత బట్టల మీద రాసిన సైజులు ఇప్పటి సైజుల కన్నా చిన్నవి. అంకె నమ్మకుండా వేసుకునే చూడాలి. నా సంచిలో ఎప్పుడూ ఒక టేపు ఉంటుంది.

ఏ పేటకి వెళ్ళాలన్నది కూడా తేడా తెస్తుంది. యూనివర్సిటీకి దగ్గర్లో నికల్సన్ స్ట్రీట్ చుట్టుపక్కల షాపుల్లో కుర్రకారు బట్టలు, ఒక సీజన్ వేసి వదిలేసినవి ఎక్కువ. మార్నింగ్‌సైడ్‌లో పెద్దవయసు వాళ్ళు, ఉన్నవాళ్ళు ఎక్కువ. నిజమైన ఉన్ని అక్కడే దొరుకుతుంది. స్టాక్‌బ్రిడ్జ్‌లో రేబర్న్ ప్లేస్ వీధి పొడుగునా చారిటీ షాపులే, సరుకు బాగుంటుంది, ధరలు కొంచెం ఎక్కువ. నా కోటు దొరికింది మార్నింగ్‌సైడ్‌లోనే. ముదురు నీలం, మోకాళ్ళ కిందికి వచ్చే నిఖార్సైన ఉన్ని, 18 పౌండ్లు.

కోటు ఎలా చూడాలో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే డబ్బు పోయేదీ మిగిలేదీ ఇక్కడే. ముందు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాలి. షాపు లైట్లలో చిమ్మెట కొట్టిన చిల్లులు కనబడవు. వెలుతురుకి పట్టుకుంటే సూదిమొనంత చిల్లు కూడా తెలుస్తుంది. కాలర్ కింద, జేబు మూతల కింద చూడాలి, చిమ్మెటకి చీకటి చోట్లంటే ఇష్టం. తర్వాత చంకలు. అక్కడ లైనింగ్ చిరిగితే కుట్టుకోవచ్చు, చెమట వాసన పట్టి ఉంటే వద్దు, ఆవిరి పెట్టినా పోదు. మోచేతులు వెలుతురుకి పెట్టి నేత పల్చబడిందా చూడాలి. గుండీలు లెక్కపెట్టాలి, ఒకటి తక్కువైతే లోపలి కుట్టులో అదనపు గుండీ ఉంటుందేమో వెతకాలి. స్వెట్టర్ మీద ఉండలు కట్టి ఉంటే భయపడనక్కర్లేదు, వాటిని గీకే చిన్న మిషన్ దొరుకుతుంది. కుంచించుకుపోయి అట్టలా గట్టిపడిన ఉన్నిని మాత్రం ఎవరూ బాగుచెయ్యలేరు. ఇంటికి తెచ్చిన ఉన్ని ఏదైనా గాలి చొరబడని కవర్లో కట్టి రెండు వారాలు ఫ్రీజర్లో పెడతాను. పురుగు గుడ్లు ఏవైనా ఉంటే చస్తాయి. అప్పుడే బీరువాలోకి.

మా ఆయనకి కాన్ఫరెన్సుకి కోటు కావాల్సి వచ్చింది. ఆకుపచ్చా గోధుమా కలిసిన ఒక పాత జాకెట్ నా చేతికి తగిలింది. తిరగేసి లోపలి జేబు పైన లేబుల్ చూస్తే గోళం, దాని మీద శిలువ గుర్తు. అది హ్యారిస్ ట్వీడ్. ఆ పేరు పెట్టుకోవాలంటే స్కాట్లాండ్ పడమటి దీవుల్లోనే ఉన్నికి రంగులద్ది, దారం వడికి, ఆ దీవుల నేతగాళ్ళు తమ ఇళ్ళల్లోనే నేసి ఉండాలని 1993లో పార్లమెంటు చట్టం చేసింది. మగ్గం కరెంటుతో నడవకూడదు, కాళ్ళతో తొక్కాలి. ఆ రాత్రి వీడియో కాల్లో అమ్మకి జాకెట్ దగ్గరగా పెట్టి చూపించాను. అంతసేపూ ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "లోపలి అంచు చూపించు" అంది. చూపించాను. "ఒక్కొక్క పోగులో నాలుగైదు రంగులున్నాయే, దారానికి కాదు, ఉన్నికే రంగు వేసి తర్వాత వడికారు" అని తనే చెప్పింది. నిజమే, అక్కడ అలాగే చేస్తారు. ఆ తర్వాత పాత బట్టల గురించి అమ్మ మళ్ళీ ఏమీ అనలేదు. కొత్తదైతే రెండొందల పౌండ్లు దాటే జాకెట్, మాకు 28 పౌండ్లకి వచ్చింది. చేతులు కొంచెం పొడుగైతే నేనే లోపలికి మడిచి కుట్టాను.

బాబు బట్టలకి ఇంత చూడక్కర్లేదు. పిల్లలు చిరిగేలోపే ఎదుగుతారు, కొత్తవాటిలాంటివే రెండు మూడు పౌండ్లకి దొరుకుతాయి. మోకాళ్ళూ జిప్పూ చూసుకుంటే చాలు.

తర్వాత కొన్నాళ్ళకి ఒక షాపులో వారానికి రెండు పూటలు వాలంటీర్‌గా చేరాను. ఇంట్లో కూర్చుని విసుగొచ్చి చేరాను గానీ, లోపలి సంగతులు అక్కడే తెలిశాయి. శనాదివారాలు జనం సంచులు తెచ్చి పడేస్తారు, సోమవారం అవన్నీ బల్ల మీద పోసి ఏరి, ఆవిరి పెట్టి, ధర చీటీలు కొడతాం. అందుకే మా షాపులో మంగళ, బుధవారాల్లో కొత్త సరుకు ఎక్కువ. చీటీ మూల చిన్నగా వారం అంకె ఉంటుంది. కొన్ని వారాలు అమ్ముడవకపోతే తీసేసి వేరే షాపుకి పంపిస్తాం, లేదా కిలోల లెక్కన పాత గుడ్డల వ్యాపారులకి వెళ్తుంది. చలికోట్లు వేసవి మొదట్లో చూడాలి. జూన్‌లో చదువులు అయిపోయి వేడి దేశాలకి తిరిగి వెళ్ళే విద్యార్థులు మంచి మంచి కోట్లు వదిలేస్తారు, అప్పుడు అడిగేవాళ్ళు తక్కువ. కొనేవాళ్ళకి ఒక్క మాట: దయచేసి బేరమాడకండి. ఆ రెండు పౌండ్లు షాపు వాళ్ళవి కావు.

ఏరే బల్ల దగ్గర నాకు బాధనిపించింది ఒకటుంది. సంచుల్లోంచి వచ్చేవాటిలో అమ్మకానికి పనికిరానివి చాలా ఉంటాయి, ఒక్కసారి ఉతికితే సాగిపోయే చవక బట్టలు. కిలోల లెక్కన పోయే ఉన్నిలో కొంత మన పానిపట్ చేరుతుంది. అక్కడ రంగుల వారీగా ఏరి, పీకి, మళ్ళీ దారం తీసి దుప్పట్లు నేస్తారు, వరదలూ భూకంపాలూ వచ్చినప్పుడు పంచే దుప్పట్లు. పాత ఉన్ని పీకి కొత్త దారం తీసే ఆ పద్ధతి రెండొందల ఏళ్ళ కిందట ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పుట్టింది. ఉన్నికి అలా రెండో జన్మ ఉంది. నాసిరకం పాలియెస్టర్‌కి ఆ దారి అంత సులువు కాదు. కొనేటప్పుడు లేబుల్ చదవమని అందరికీ చెప్పేది అందుకే.

ఆ షాపు మేనేజర్ ఇచ్చిన రెఫరెన్స్‌తోనే నాకు తర్వాత ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూకి వేసుకెళ్ళిన నల్ల బ్లేజర్ కూడా మా షాపుదే, డబ్బు కట్టి బిల్లు తీసుకునే కొన్నాను. ఇప్పుడు పన్ను కడుతున్నాను కాబట్టి, బాబుకి చిన్నవైపోయినవి ఇచ్చేటప్పుడు గిఫ్ట్ ఎయిడ్ ఫారం నింపుతాను. నా సంచులకి నా పేరు మీద బార్‌కోడ్ అంటిస్తారు. అవి అమ్ముడైన ప్రతి పౌండుకీ ప్రభుత్వం ఇంకో పాతిక పెన్నీలు సంస్థకి కలుపుతుంది. ఇక్కడ పన్ను కట్టే మనవాళ్ళందరూ ఆ ఫారం అడిగి నింపితే బాగుంటుంది, పైసా ఖర్చు లేదు.

సెప్టెంబరులో చదువుకి వచ్చే పిల్లలు నన్ను అడిగితే చెప్పేది ఇదీ. ఇండియా నుంచి లోపల వేసుకునే థర్మల్స్, నూలు బట్టలు తెచ్చుకోండి. కోటుకీ స్వెట్టర్లకీ చేతిలో డబ్బు ఉంచుకోండి, ఇక్కడ కొనుక్కుందాం. శనివారం పొద్దున్నే వస్తే మార్నింగ్‌సైడ్‌కి నేనే తీసుకెళ్తాను. వాన కోట్లు మాత్రం పాతవి వద్దు, లోపలి పూత పొలుసుల్లా రాలిపోతే నీళ్ళు ఆగవు. బూట్లు కూడా కొత్తవే కొనండి. వేరేవాళ్ళ అడుగుకి అలవాటు పడిన బూటు ఈ ఊరి రాళ్ళ వీధుల్లో మీ మడమని నొప్పిపెడుతుంది.