పిక్క లాగేదాకా నడవమన్నారు

నాలుగు వీధులు నడిస్తే చాలు, కుడి పిక్క పట్టేసేది. కాసేపు నిలబడితే పోయేది. మళ్ళీ అంతే దూరానికి పట్టేసేది. నడుములో నరం నొక్కుకుందని ఇంట్లో అందరూ తేల్చేశారు. నాకు షుగర్ ఉండడంతో మా డాక్టరుగారికి మాత్రం కాలి రక్తనాళాల మీద అనుమానం వచ్చింది.

పరీక్షకు పడుకోబెట్టి, చేతికీ చీలమండ పైనా బీపీ పట్టీ కట్టారు. పాదం మీద చల్లటి జెల్లు రాసి డాప్లర్ పెన్ను ఆనిస్తే నాడి చప్పుడు గదంతా వినిపించింది. పట్టీ బిగించేకొద్దీ ఆ చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది, వదులుతుంటే తిరిగొచ్చింది. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తారు. 0.9 గానీ అంతకు తక్కువ గానీ వస్తే కాలి ధమని సన్నబడినట్టు. నా కుడికాలికి 0.68 వచ్చింది.

కొలెస్ట్రాల్ మాత్ర, ఆస్పిరిన్ రాసి, వీటితోపాటు నడక తప్పదన్నారు.

"నడిస్తేనే కదా సార్ నొప్పి?"

"ఆ నొప్పి దాకానే నడవండి మాస్టారూ. బాగా లాగినప్పుడు ఆగండి, పూర్తిగా తగ్గాక మళ్ళీ మొదలుపెట్టండి. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి అరగంటకు తగ్గకూడదు. కనీసం 12 వారాలు."

కారణం ఆయన ఓపిగ్గా చెప్పారు. పనిచేసే కండరానికి ఆక్సిజన్ చాలనప్పుడు అక్కడ పోగయ్యే అడినోసిన్, పొటాషియం లాంటివి చిన్న ధమనుల్ని వెడల్పు చేస్తాయి. కానీ కాలువ మొదట్లో పూడిక ఉంటే చివరి పొలం దగ్గర తూము ఎంత ఎత్తినా నీళ్ళు చాలవు కదా, నా కాలిదీ అదే పరిస్థితి. ఇంకో సంగతి ఉంది. రక్తం ఒరుసుకుంటూ పారినప్పుడు నాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తుంది, దాంతో నాళం సడలుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ నాళాల్ని సడలిస్తుందని కనిపెట్టిన ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర పనిచేసేదీ ఈ నైట్రిక్ ఆక్సైడ్ ద్వారానే. షుగర్ ఆ పొరను మొద్దుబారుస్తుంది, క్రమం తప్పని నడక మళ్ళీ చురుకు తెప్పిస్తుంది.

మొదటి వారాలు నిజంగా కష్టం. కాలేజీ గ్రౌండులో సగం చుట్టుకే పిక్క బిగుసుకుపోయి రాయిలా తగిలేది. గట్టు మీద కూర్చుని వేళ్ళతో నొక్కి చూసుకుంటుంటే మెల్లగా మెత్తబడేది, లేచేవాణ్ణి. నెల దాటాక ఒక చుట్టు పూర్తయింది. ఆ తర్వాత ఆగకుండా రెండు చుట్లు తిరగగలిగాను.

మళ్ళీ పరీక్ష చేస్తే 0.70. అంతేనా అని ప్రాణం ఉసూరుమంది. "పెద్ద నాళం పూడిక నడకతో కరగదండీ" అన్నారు డాక్టరుగారు. "చిన్న నాళాలు బాగా తెరుచుకుంటున్నాయి, వచ్చిన ఆక్సిజన్‌ని కండరం పొదుపుగా వాడుకోవడం నేర్చింది. మీరెంత దూరం నడవగలుగుతున్నారన్నదే నాకు ముఖ్యం."

నాలాంటి పిక్క నొప్పి ఉన్నవాళ్ళు ముందు ఈ పరీక్ష చేయించుకోండి. కూర్చున్నా పడుకున్నా పాదం నొప్పి పెడుతున్నా, పుండు మానకపోయినా నడకతో సరిపెట్టుకోవద్దు, వెంటనే డాక్టరుకు చూపించండి.