గన్నవరం నుంచి విశాఖకు: 290 కిలోమీటర్లకు గంట ఎందుకు?

గన్నవరం విమానాశ్రయం నుంచి విశాఖపట్నం విమానాశ్రయానికి సరళరేఖలో దూరం సుమారు 290 కిలోమీటర్లు, అంటే 157 నాటికల్ మైళ్లు. పటం మీద ఆ గీత గీసి చూస్తే అది ఏలూరు, రాజమహేంద్రవరం, తుని పట్టణాల మీదుగానో, వాటికి చాలా దగ్గరగానో సాగుతుంది. మన కోస్తా రైలు మార్గం కూడా ఆ ఊళ్ల మీదుగానే వెళుతుంది కాబట్టి, రైలులో దూరం 350 కిలోమీటర్లే అవుతుంది. ఆకాశంలో ఎగిరినందువల్ల మనకు తగ్గేది అరవై కిలోమీటర్లు మాత్రమే.

ఇక సమయం సంగతి. దూరాన్ని వేగంతో భాగించి చెప్పే లెక్కలు ఇంత చిన్న దూరాలకు బొత్తిగా పనికిరావు. గంటకు 830 కిలోమీటర్లు పోయే జెట్‌కు 21 నిమిషాలు, 510 కిలోమీటర్లు పోయే ఏటీఆర్‌కు (రెక్కలకు పంకాలుండే చిన్న విమానం) 34 నిమిషాలు అని ఆ లెక్క చెబుతుంది. విమాన సంస్థల కాలపట్టికలో మాత్రం సుమారు గంట ఉంటుంది. కాలపట్టికలోని సమయం విమానం నిలిచిన చోటు నుంచి కదలడంతో మొదలై, దిగిన చోట పూర్తిగా ఆగడంతో ముగుస్తుంది. రన్‌వే దాకా నెమ్మదిగా నడవడం, అనుమతి కోసం నిలబడడం అన్నీ అందులోనివే. పైగా పది వేల అడుగులకు దిగువన సాధారణంగా 250 నాట్ల (గంటకు సుమారు 463 కిలోమీటర్ల) వేగం మించకూడదు కాబట్టి, జెట్ తన పూర్తి వేగాన్ని అందుకుని కాసేపు నిలుపుకునేలోపే దిగడం మొదలుపెట్టవలసి వస్తుంది. విశాఖ రన్‌వే దాదాపు తూర్పు పడమరలుగా ఉంది. గాలి వాటాన్ని బట్టి తూర్పు వైపు నుంచి దిగవలసి వస్తే, నైరుతి నుంచి వచ్చిన విమానం ఊరు దాటి చుట్టు తిరిగి రావాలి. నౌకాదళ స్థావరమైన ఐఎన్ఎస్ డేగా కూడా అక్కడే ఉండడంతో ఆ రన్‌వేను పౌర విమానాలు, నౌకాదళ విమానాలు పంచుకుంటాయి.

చిన్న పట్టణాలకు తక్కువ ఛార్జీతో విమానాలు నడిపేందుకు కేంద్రం తెచ్చిన, 2017లో విమానాలు మొదలైన ఉడాన్ పథకం గంట ప్రయాణమంటే సుమారు 500 కిలోమీటర్లుగా తీసుకుని, కొన్ని సీట్లకు 2,500 రూపాయల ఛార్జీ పరిమితి పెట్టింది. అదే గంట మనకు 290 కిలోమీటర్లకే ఖర్చవుతోంది, ఎందుకంటే నేల మీద గడిచే నిమిషాలు దూరంతో పాటు తగ్గవు.

ప్రయాణికుడికి అసలు లెక్క ఇంటి గడప నుంచి మొదలవుతుంది. విజయవాడ నుంచి గన్నవరం చేరడానికి అరగంటకు పైగా పడుతుంది, చెక్ ఇన్ ముప్పావు గంట నుంచి గంట ముందే మూసేస్తారు, దిగాక సామాను కోసం ఎదురుచూడాలి, ఆపై ఊళ్లోకి వెళ్లాలి. అన్నీ కలిపితే మూడున్నర గంటలు తేలికగా దాటుతుంది. వందే భారత్ రైలు సుమారు నాలుగు గంటల్లో ఊరి నడిబొడ్డున దింపుతుంది.

విశాఖ నుంచి తిరుపతి సంగతి వేరు. రేణిగుంట విమానాశ్రయానికి సరళరేఖలో సుమారు 600 కిలోమీటర్లు, అందులో చాలా భాగం బంగాళాఖాతం మీదుగా. రైలు మాత్రం తీరం వెంబడి వంపు తిరిగి రాత్రంతా నడుస్తుంది. అందుకే నేరుగా విమానం దొరికితే తిరుపతి వెళ్లే పెద్దవారికి నేను సందేహించకుండా విమానమే చెబుతాను. విజయవాడ, విశాఖల మధ్య తిరిగేవారిని మాత్రం ముందుగా రైలు వేళలు చూసుకోమంటాను.