"సున్నా సార్" అన్నందుకు ఒక సంవత్సరం పోయింది: నా ఓసీఈఎస్ ఫిజిక్స్ ఇంటర్వ్యూ

బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) సైంటిస్టు ట్రైనింగ్ ఓసీఈఎస్ ఫైనల్ లిస్టు నిన్న సాయంత్రం వచ్చింది, నా నంబర్ ఉంది! మాది కావలి. గేట్ సిలబస్సు, టెస్ట్ సిరీస్‌లు మీ అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. పోయినేడు ఇంటర్వ్యూలో ఎక్కడ ఆగిపోయానో అదొక్కటే రాస్తా.

ఇష్టమైన టాపిక్ సూపర్‌కండక్టివిటీ, అంటే బాగా చల్లబరిస్తే కొన్ని లోహాల్లో రెసిస్టెన్స్ లేకుండా కరెంటు పారడం, అని చెప్పా. మైస్నర్, లండన్ ఈక్వేషన్లు, బీసీఎస్ గ్యాప్, అన్నీ గడగడా రాసేశా. అప్పుడొక సార్ నెమ్మదిగా అడిగారు, కణాల వేగం పెంచే యాక్సిలరేటర్‌లోని నయోబియం క్యావిటీ (బోలు లోహపు గది) లోకి 1.3 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలు పంపిస్తే గోడల్లో లాస్ ఎంత అని. సున్నా సార్ అన్నా. మరి 9.2 కెల్విన్‌కే సూపర్‌కండక్టర్ అయ్యేదాన్ని 2 కెల్విన్ దాకా ఎందుకు దించుతారు అన్నారు. చాక్‌పీస్ చేతిలో అట్నే ఉండిపోయింది.

మా నాన్న జువ్వలదిన్నె వైపు ఐస్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఒక రాత్రి క్యారేజీ ఇచ్చేదానికి పోతే ఉప్పునీళ్ల తొట్టి మీద చెక్కమూత సరిగ్గా కూర్చోలేదని సర్దుతా, "కరెంటు బిల్లు ఐస్‌కి కాదబ్బయ్యా, లోపలికి దూరే వేడిని బయటికి తోసేదానికి" అన్నారు. ఇంటికొచ్చి తెల్లారేదాకా లెక్కలు కట్టా. డీసీలో లోపల ఫీల్డే ఉండదు, కానీ ఆర్ఎఫ్‌లో, అంటే దిశ మారే రేడియో తరంగాల్లో, రెసిస్టెన్స్ లేకుండా కరెంటు మోసే ఎలక్ట్రాన్ జోడీలకీ (కూపర్ జంటలు) బరువుంది కదా, వాటి దిశ మార్చాలంటే ఫీల్డ్ కావాల, ఆ ఫీల్డే పైపొరలో మిగిలిన మామూలు ఎలక్ట్రాన్లనీ ఊపుతుంది, అదే వేడి. చల్లబరిచేకొద్దీ ఆ మామూలు ఎలక్ట్రాన్లు తగ్గిపోతాయి, అందుకే 4.2 కెల్విన్ దగ్గర ఉపరితల రెసిస్టెన్స్ కొన్ని వందల నానో ఓమ్‌లు, 2 దగ్గర పది చుట్టుపక్కల. 2 కెల్విన్‌లో పుట్టిన ఒక్క వాట్‌ని బయటికి తోలాలంటే కార్నో లెక్కలోనే (సిద్ధాంతం ప్రకారం కనీసం) 149 వాట్లు, నిజం ప్లాంటులో దానికి ఎన్నో రెట్లు.

ఈసారి ఇంటర్వ్యూలో ఇదంతా చెప్పా, బోర్డు అక్కడితో ఆగలేదు. క్వాంటం కంప్యూటర్‌కి ఇదెందుకు అన్నారు. క్యూ (క్యావిటీ ఎనర్జీని ఎంత బాగా పట్టి ఉంచుతుందో చెప్పే నంబర్) 1000 కోట్లుంటే ఎనర్జీ క్యావిటీలో సెకను పైన నిలుస్తుంది, రాగిలో క్యూ వేలల్లోనే కాబట్టి మైక్రోసెకన్లే, క్యూబిట్ (క్వాంటం కంప్యూటర్ బిట్) సమాచారం దాచుకునేదానికి ఆ సమయమే కావాల అని చెప్పా. ఇంకా చల్లబరిస్తే లాస్ పోతుందా అని మళ్లీ అడిగారు. మిల్లీకెల్విన్‌లో ఆ మామూలు ఎలక్ట్రాన్ల లాస్ (బీసీఎస్ లాస్) పోతుంది గానీ నయోబియం ఆక్సైడ్ పొరలోని టూ లెవల్ సిస్టమ్స్ (రెండు స్థితుల మధ్య ఊగే లోపాలు) ఎనర్జీని తినేస్తాయి, వాక్యూమ్‌లో కాల్చి ఆ పొర తీసేసి అమెరికా ఫెర్మీల్యాబ్ వాళ్లు ఎనర్జీ నిలిచే సమయాన్ని 2 సెకన్ల దాకా తెచ్చారు అన్నా.

ఏడాది ఖాళీగా ఉన్నాడని చుట్టాలు అన్నారు, ఖాళీగా లేను. రోజూ పొద్దున నాలుగింటికి లేచా, ఫార్ములా రాసిన ప్రతిసారీ నంబర్ వేసి చూసుకున్నా, వేయకపోతే అది చదివినట్టే కాదు.

మీరూ ఇప్పుడే పేపర్ తీయండి. మన దేశపు ల్యాబ్‌లు ఫెర్మీల్యాబ్ కొత్త యాక్సిలరేటర్ పిఐపి-2 కోసం చేస్తున్న క్యావిటీలు 650 మెగాహెర్ట్జ్‌వి. అదే టెంపరేచర్‌లో బీసీఎస్ రెసిస్టెన్స్ 1.3 గిగాహెర్ట్జ్‌తో పోలిస్తే నాలుగో వంతు రావాల. రాకపోతే కింద రాయండి, కూర్చుని చూద్దాం.