విమానం దించి వెళ్ళిపోయాక మన బస

దేవరకొండ నుంచి వెళ్ళి డిండి జలాశయం గట్టున గాలం వేస్తూ పెరిగిన నాకు, చేపల వేటకు బస గురించి ఆలోచించవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. చీకటి పడితే ఇల్లు చేరేవాళ్ళం. తమ్ముడితో కలిసి కెనడాలోని వాయవ్య ఒంటారియోలో రోడ్డు లేని ఒక సరస్సుకు, నీటిపై దిగే చిన్న విమానంలో, స్మాల్‌మౌత్ బాస్ అనే చేప కోసం వెళ్ళినప్పుడు మాత్రం బస ఎంపికే అన్నిటికన్నా ముఖ్యమని తెలిసింది.

లాడ్జిలో వేళకు భోజనం, దారి చూపే గైడు ఉంటారు, ఖర్చు కూడా ఎక్కువే. గుడారం చౌక, అయితే కెనడా నివాసులు కానివారు అక్కడి ప్రభుత్వ భూమిలో విడిది చేయడానికి సాధారణంగా అనుమతి తీసుకోవాలి, పైగా జూన్‌లో దోమలూ నల్ల ఈగలూ నిలువనీయవు.

మేము ఎంచుకున్నది ఔట్‌పోస్ట్ క్యాబిన్, అంటే సరస్సు ఒడ్డున విడిగా ఉండే చిన్న ఇల్లు. గ్యాస్ పొయ్యి, గ్యాస్‌తోనే నడిచే ఫ్రిజ్, చలికి కట్టెల పొయ్యి, మంచాలు, మోటారు పడవ అన్నీ ఉన్నాయి గానీ, వండేదీ అంట్లు తోమేదీ మనమే. 1947లో తొలిసారి ఎగిరిన బీవర్ రకం విమానాలే నేటికీ ఈ సరస్సులపై తిరుగుతున్నాయి. అవి మోయగల బరువుకు పరిమితి ఉన్నందున సామాను తూచి ఎక్కిస్తారు. అందుకే బట్టలు తగ్గించుకొని బియ్యం, అమ్మ ఇచ్చిన సకినాలు ఉంచుకున్నాము. ఎలుగుబంట్లు వస్తాయి కనుక చేపల వ్యర్థాలను క్యాబిన్ దగ్గర పడవేయకూడదు. పొగమంచు పడితే విమానం రాదు కాబట్టి, రెండు రోజులకు సరిపడా తిండి అదనంగా తీసుకువెళ్ళండి.