అమ్మమ్మకి న్యూయార్క్ చూపించిన రోజు

మేముండేది పెన్సిల్వేనియాలో, న్యూయార్క్‌కి మూడు గంటల దూరం. మా అమ్మ గుడివాడ నుంచి వచ్చి నాలుగు నెలలైంది. తిరిగి వెళ్ళేలోపు దొరికింది ఒక్క శనివారం. మా ఆయన పది చోట్లతో లిస్టు రాశారు. ఐదో తరగతి చదివే మా పెద్దది అది చూసి, "అమ్మమ్మ మోకాళ్ళు?" అని అడిగి ఏడు కొట్టేసింది. న్యూయార్క్ సబ్‌వే (భూగర్భ రైళ్ళ) మ్యాపులో చక్రాల కుర్చీ బొమ్మ ఉంటే ఆ స్టేషన్లో లిఫ్ట్ ఉన్నట్టు. 1904లో మొదలైన రైళ్ళు కదా, ఇప్పటికీ చాలా చోట్ల మెట్లే గతి. టైమ్స్ స్క్వేర్ పోయిందని ఆయన అలిగారు. నాకైతే ఏం దిగులు లేదు.

న్యూయార్క్ పక్కనే ఉన్న న్యూవార్క్ అనే ఊళ్ళో కారు పెట్టి, పాత్ అనే లోకల్ రైల్లో వచ్చి, స్టాటెన్ ఐలాండ్ వెళ్ళే ఫెర్రీ పడవ ఎక్కాం. దానికి టికెట్ అక్కర్లేదు. వెళ్ళేటప్పుడు కుడివైపు నిలబడితే లిబర్టీ విగ్రహం బాగా కనిపిస్తుంది. నేను చిన్నాడి చెయ్యి, పులిహోర సంచీ పట్టుకుని వెనకపడ్డాను. దాంతో అమ్మకి అన్నీ చెప్పే పని పెద్దదాని మీద పడింది.

నాలుగేళ్ళుగా దాన్ని ఆదివారం తెలుగు బడికి తీసుకెళ్తున్నాను. గుణింతాలు రాస్తుంది, పద్యం అప్పజెబుతుంది. ఇంట్లో తెలుగులో అడిగితే జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. అలాంటిది రెయిలింగ్ పట్టుకుని ఎల్లిస్ ఐలాండ్ చూపిస్తూ మొదలుపెట్టింది. 1892 నుంచి 1954 దాకా ఓడల్లో వచ్చినవాళ్ళని అక్కడే ఆపి చూసేవారట. మొత్తం కోటీ ఇరవై లక్షల మంది. ఆ అంకె చెప్పడానికి "ట్వెల్వ్ మిలియన్ అంటే ఎన్ని లక్షలమ్మా?" అని వెనక్కి తిరిగి నన్ను అడిగింది. "జబ్బుంటే కోటు మీద చాక్‌పీసుతో రాస్తారు అమ్మమ్మా."

"అంటే వీసా ఆఫీసు" అంది అమ్మ. హైదరాబాదులో తన వేలిముద్రలు తీసుకున్న రోజు గుర్తొచ్చినట్టుంది.

"కాదు! మొదట్లో వీసానే లేదు!"

తర్వాత గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్. కప్పు మీద ఆకాశం, బంగారు చుక్కలతో రాశుల బొమ్మలు. పెద్దది టారస్ అంటే అమ్మ వృషభం అంది, పైసీస్ అంటే మీనం అంది. ఇద్దరూ మెడలు పైకెత్తి అరగంట అలాగే నిలబడ్డారు. పక్కన జనం రైళ్ళ కోసం పరిగెడుతూ వాళ్ళని తప్పించుకుని పోతున్నారు. ఆ ఆకాశం తిరగబడి ఉందని చెప్పడానికి మాట దొరక్క, "అద్దంలో లాగా వేసేశారు" అంది పెద్దది.

"ఇంత డబ్బు పోసి తప్పు వేశారా? చెరపలేదే?" అమ్మకి ఆ రోజు మొత్తంలో బాగా నచ్చింది అదే.

పులిహోర తిని, అక్కడే కిందకి దిగి ఏడో నంబరు రైలెక్కాం. క్వీన్స్‌లో పట్టాలు పైకొచ్చాక కిటికీలోంచి బోర్డుల భాషలు మారుతుంటాయి. ఫ్లషింగ్‌లో దిగేసరికి అన్నీ చైనీస్. "మనం చైనా వచ్చామా?" అన్నాడు చిన్నాడు. అక్కణ్ణించి గణపతి గుడి ఇరవై నిమిషాల నడక. నెమ్మదిగా నడిపించాం, అరగంట పట్టింది. 1977లో ప్రతిష్ఠ జరిగిన గుడి. కింద క్యాంటీన్ ఉంది. దోసె బాగుందనీ, సాంబారు మాత్రం అరవవాళ్ళదనీ అమ్మ తీర్పు.

రాత్రి కార్లో, గుడివాడలో తెల్లారిందని చెల్లెలికి ఫోన్ చేసింది. "నీళ్ళ మధ్యలో పాత వీసా ఆఫీసు చూశానే..."

వెనక సీట్లోంచి అరుపు. "అమ్మమ్మా! వీసా ఆఫీసు కాదు! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

ఆ 'ఎన్నిసార్లు చెప్పాలి' అచ్చం నా గొంతే.